వాపస్ అన్న

మా వాపస్ అన్న పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను కీసర దగ్గర ఒక వెంచర్‌లో నిలబడి, లేని చెరువును చూపించి ప్లాటు అమ్ముతున్నాను.

కొనడానికి వచ్చినాయన భీమవరం వైపు మనిషి, బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. ఆయన భార్య గొడుగు నీడలో నిలబడి, "చెరువంటున్నారు, నీళ్ళేవండీ మరి?" అని అడిగింది. "వానలు పడనివ్వండమ్మా, అలలు ఇక్కడిదాకా వస్తాయి," అని కాలితో ఒక హద్దురాయిని చూపించాను. అప్పుడే ఫోన్ మోగింది. గౌడవెల్లి నుంచి ఆయన భార్య, మా వదినె. ఏడవడం లేదు. "మీ అన్న పోయిండు. పొద్దుగాల లేస్తడని సూస్తే లేవలే," అంది. అంతే.

ఫోన్ జేబులో పెట్టుకుని ఆ దంపతుల వైపు తిరిగాను. "అక్కడ చెరువు లేదండీ. ఎప్పుడూ లేదు. బోరు వేస్తే వెయ్యి అడుగులు పోవాలి," అన్నాను. ఇన్నేళ్ల ప్లాట్ల వ్యాపారంలో నేను కస్టమర్‌కి చెప్పిన మొదటి నిజం అదే అయ్యుంటుంది. ఆయన నవ్వి భార్యతో, "చూశావా, మంచి ప్లాటు ఇంకెవరికో దాచుకుంటున్నాడు," అన్నాడు.

నేను గౌడవెల్లి చేరేసరికి టెంటు కింద కుర్చీల్లో కూర్చున్నవాళ్లు అప్పటికే మొదలుపెట్టారు.

"మంచోడే పాపం. జర దిమాగ్ కిరికిరి," అన్నాడొకాయన.

"జర ఏంది? ఒకసారి నన్ను మేడ్చల్ల ఎక్కించుకొని మేడ్చల్లనే దించిండు. మధ్యల రెండు గంటలు తిప్పిండు."

"తిట్టకపోయినవా?"

"తిడ్దామనుకునేవరకు చాయ్ తాపిచ్చిండు."

నవ్వారు. ఆ తర్వాత నా వైపు చూశారు. ఇలాంటి చోట నేను నోరు తెరిస్తే పది కథలు రాలతాయని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. నేను మాట్లాడలేదు. ఆయన గురించి నా దగ్గరున్న అసలు సంగతి ఒక్కటే. అందులో పెద్దగా ఏమీ జరగదు. చేతులు తిప్పుతూ చెబితే తేలిపోతుంది. అందుకే రాస్తున్నాను.

పేరు రాయను. రాసినా మీరెవరూ గుర్తుపట్టరు. మేడ్చల్ బస్టాండు నుంచి శామీర్‌పేట చెరువు కట్ట దాకా అందరికీ ఆయన వాపస్ అన్నే. నాకూ అంతే, చుట్టరికం లేదు. పదిమంది పట్టే తెల్ల బండి ఉండేది. ఆదివారం ఆదివారం దాన్ని నేను మాట్లాడుకునేవాణ్ణి. కొత్త కాలనీల్లో ఉండే ఉద్యోగస్థుల్ని, ఎక్కువగా కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లని, ఎక్కించుకుని శామీర్‌పేట అవతల వెంచర్‌కు తీసుకుపోవడం, ప్లాట్లు చూపించడం, తలా ఒక పులిహోర పొట్లం చేతిలో పెట్టి తిరిగి తేవడం. దీన్ని మా వ్యాపారంలో సైట్ విజిట్ అంటారు. సగం మంది పొట్లం కోసమే వస్తారు. ఆ సగంలోనే ఒకడు ఎప్పుడో కొంటాడు.

మొదటి ఆదివారం అత్వెల్లిలో నన్నెక్కించుకున్నాడు. ఆయన నడపడం చూస్తే ముచ్చటేసింది. గేరు మారినట్టు చెవికి తెలిసేది కాదు. ఆ బండిలో ఒక ముసలమ్మ దారి పొడుగునా సూదిలో దారం ఎక్కిస్తూ పూలు గుచ్చిందని నేను అందరికీ చెబుతుంటాను. నమ్మడం మీ ఇష్టం. కోళ్లు అడ్డమొస్తే హారన్ కొట్టకుండా అవి దాటేదాకా ఆగేవాడు. కుక్క పడుకుని ఉంటే పక్కకు పోయేవాడు. అలాంటివాడు ఒక స్పీడ్ బ్రేకర్ దాటాక, ఇంకో ఫర్లాంగు పోయి, మెల్లగా ఇండికేటర్ వేసి బండి వెనక్కి తిప్పాడు.

"ఏమైందన్నా?"

"ఏం లే తమ్మీ. జర సూసొస్త. ఒక్కటే నిమిషం."

ఆ స్పీడ్ బ్రేకర్ దగ్గరికి పోయి దిగాడు. రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. పక్కనున్న గడ్డి కాలితో తొలగించి చూశాడు. తర్వాత బండి దగ్గరికొచ్చి ఒక్కొక్క టైరు దగ్గరా గొంతుక్కూర్చుని, అరచెయ్యి టైరు మీద పెట్టి చుట్టూ రాసి, ఆ చేతిని ఎండలో పెట్టి చూసుకున్నాడు. నాలుగు టైర్లు, నాలుగు సార్లు. ముంజేతితో ముఖం తుడుచుకుని వచ్చి కూర్చుని, ఏమీ జరగనట్టు గేరు వేశాడు. బండిలో తొమ్మిది మంది ఉన్నారు. చివరికి వెనకసీటు నుంచి ఒకావిడ, "ఏమండీ, ఏదైనా పడిపోయిందాండీ?" అంది.

డ్రైవర్‌కి మతి సరిగ్గా లేదనుకుంటే ప్లాటు ఎవరు కొంటారు? నా నోరు దానంతటదే లేచింది.

"లేదమ్మా, ఇది మా దిక్కు ఆచారం. భూమి కొనబోయేవాళ్లు దారిలో ఒకసారి వెనక్కి పోయి, నేల చూసి, మళ్ళీ రావాలి. అట్లా చేస్తే ఆ భూమి మనల్ని వెనక్కి పంపదు."

"అయ్యో, మా వైపు లేదండీ ఇది."

"మీ వైపు కాలవల భూములమ్మా. ఇది రాతి నేల. మొండిది."

ఆవిడ భర్తను మోచేత్తో పొడిచింది. ఆ ఆదివారం రెండు ప్లాట్లు పోయాయి. మూడో నెలకల్లా ఏమైందంటే, ఇంకో కంపెనీ బండ్లు కూడా అక్కడికొచ్చి వెనక్కి తిరగడం మొదలుపెట్టాయి. ఒక పెద్దాయన అయితే నా బండి తిరక్కుండా పోతుంటే, "ఏమయ్యా, మమ్మల్ని వెనక్కి తిప్పలేదేం? అందరికీ తిప్పుతారట కదా," అని గొడవపడ్డాడు. దిగి కొబ్బరికాయ కొట్టినవాళ్లు కూడా ఉన్నారు. ఇందులో కొబ్బరికాయ సంగతి కొంచెం పెంచాను.

కానీ బండి ఆచారం కోసం తిరగడం లేదు. ఆ సంగతి నాకు ఒక మధ్యాహ్నం మేడ్చల్‌లో చాయ్ తాగుతుంటే తెలిసింది. అడగకుండానే చెప్పాడు, గ్లాసులోకి చూస్తూ.

"టైరు ఎగిరిందనుకో. గది స్పీడ్ బ్రేకరని నాకెరుకే. రోజు పోయే తొవ్వ. గని లోపటికెంచి ఒకడు అడుగుతడు. ఎట్ల ఎరుక? సూసినవా? పసిపిల్లగాడు అడ్డమొచ్చిండేమో. గాడ పడి ఉన్నడేమో. నువ్వు పులిహోర తినబోతున్నవ్, ఆడు ఆడ..." ఆగాడు. "పోయి సూస్తే ఏముండది. సూసి వస్తుంటే మళ్ల అడుగుతడు. మంచిగ సూసినవా? మోరీల సూసినవా?"

"ఏం ఉండదని నీకు ఎరుకే కదన్నా."

"ఎరుకైతే ఉంది తమ్మీ. గది సాలుతలేదు."

ఆ మాట నేను చాలాసార్లు విన్నాను ఆ తర్వాత. ఎరుకైతే ఉంది, సాలుతలేదు. బండి నడిపిన ఇన్నేళ్లలో ఆయన కింద ఒక కోడిపిల్ల కూడా పడలేదు. అయినా రోజూ పొద్దున చాయ్ దుకాణంలో పేపరు పట్టుకుని జిల్లా పేజీలో ప్రమాదాల వార్తలన్నీ వేలు పెట్టి చదివేవాడు. తూప్రాన్ దగ్గర ఎవర్నో గుర్తు తెలియని వాహనం ఢీకొట్టిందని ఉంటే, తాను ఆ రోజు గౌడవెల్లి దాటలేదని తెలిసినా, వదినెను పిలిచి, "మొన్న పొద్దుమూకి నేను ఇంట్లనే ఉన్న గద?" అని అడిగేవాడు. "నా ముంగట కూసొని సల్ల తాగినవ్," అనేదామె. పదిసార్లడిగితే పదిసార్లూ ఆ మజ్జిగ సంగతే చెప్పేది.

ఒకసారి పోలీస్ స్టేషన్‌కే పోయాడు. ఏ స్టేషనో చెప్పను. నేను వెంట ఉన్నాను, ఇందులో ఒక్క ముక్క కలపలేదు. టేబుల్ దగ్గర కానిస్టేబుల్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, నేను ఎవర్నన్న గుద్దిన్నేమో జర సూడుండ్రి."

"ఎవర్ని గుద్దినవ్?"

"తెల్వద్సార్."

"ఎక్కడ?"

"గదే తెల్వక అడుగుతున్న సార్."

కానిస్టేబుల్ ఆయన్ని పై నుంచి కింది దాకా చూసి, నన్ను చూసి, పెన్ను మూత పెట్టాడు. "గుద్ది ఉరికినోళ్లను ఎతకనీకి మాకు పాణం పోతాంది. నువ్వు గుద్దకుండనే వచ్చినవ్. పో అన్నా, ఇంటికి పోయి పండుకో." బయటికొచ్చాక వాపస్ అన్న ముఖంలో కొంచెం వెలుగు కనిపించింది. గేటు దాటేలోపు అది పోయింది. "రిజిస్టర్ మంచిగ సూసిండంటవా?" అన్నాడు.

నాకు నవ్వొచ్చేది, దాచుకోను. ఆయన్ని చూసి నవ్వనివాడు ఈ దారిలో లేడు. నవ్వుతూనే ఒక సంగతి గమనించలేదు నేను. మొదట్లో ఒక్కచోట తిరిగే బండి మూడు చోట్ల తిరగడం మొదలైంది. తర్వాత అయిదు. నేను పెట్టిన ఆచారం పుణ్యమా అని అడిగేవాళ్లు లేరు. తిరిగినకొద్దీ కస్టమర్లు దండం పెడుతున్నారు.

అప్పుడు నేను ఆ పని చేశాను.

వారం మధ్యలో ఒక రోజు, మేమిద్దరమే, వెంచర్‌లో జెండాలు పాతి తిరిగొస్తున్నాం. మబ్బు పట్టింది. రెండు వైపులా మక్కచేన్లు. చదునైన రోడ్డు, స్పీడ్ బ్రేకర్ కూడా లేదు. ఆయన ఆ రోజు హాయిగా ఉన్నాడు, ఏదో పదం కూనిరాగం తీస్తున్నాడు. ఊరికే ఉండలేక నేను, "అన్నా, ఇప్పుడేదో తగిలినట్టు అనిపియ్యలే?" అన్నాను.

రాగం ఆగింది. బండి ఆగింది. రెండూ ఒకేసారి.

ఆ మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఆ అర కిలోమీటరు రోడ్డును వెతికాడు. మక్కచేనులో సాలు సాలుకూ నడిచాడు. రోడ్డు కింది మోరీ గొట్టంలోకి బోర్లా పాక్కుంటూ పోయి ఇటు నుంచి అటు తేలాడు. చొక్కా చినిగింది. మేకలు కాస్తున్న ముసలామె కనపడితే, "అవ్వా, ఇటు దిక్కు ఎవరన్న వచ్చిన్రా?" అని అడిగాడు. "నువ్వే వస్తున్నవ్ పోతున్నవ్ బిడ్డా, ఇందాకటిసంది," అందామె.

అరగంట దాకా నాకు తమాషాగానే ఉంది. గంటకు భయమేసింది. ఎదురుపోయి రెండు చేతులూ పట్టుకున్నాను.

"అన్నా, నేను మజాక్ జేసిన. ఏం తగల్లే. ఊకె అన్న. మా అమ్మ మీద ఒట్టు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, కోపముంటే బాగుండేది. జాలి ఉంది.

"నీది మంచి మనసు తమ్మీ. నాకు రంది కావొద్దని అట్లంటున్నవ్," అని చేతులు విడిపించుకుని మళ్ళీ చేనులోకి దిగాడు.

మర్నాడు ఆయన బండి తియ్యలేదు. ఆ మర్నాడూ లేదు. నేను గౌడవెల్లి పోతే తాళాలు దేవుడి పటం ముందున్నాయి, ఆయన లోపల గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వదినె చేటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపకుండానే మాట్లాడింది.

"ఓ మరిదీ, నీ నోట్లె నిజం పుట్టదని అందరికి ఎరుకే. నేను గూడ నవ్విన ఇన్నాళ్లు. గిప్పుడు నిజం జెప్పినా ఆయనకు పనికొస్తలేదు. గంత పని జేసినవ్."

నేను నిలబడే ఉన్నాను. కూర్చోమనలేదు.

"మా తమ్ముడు కంపెనీల గేటు కాడ నౌకరి మాట్లాడిండు. వాచ్‌మన్. వచ్చే నెల మొదటి సోమారం నుంచి రమ్మన్నరు. ఈయన పోత అంటుండు, బండి అమ్మేస్త అంటుండు. నాకైతే మనసొప్పుతలేదు. స్టీరింగ్ ఇడిస్తే ఈయన ఏమైతడో."

సిటీలో పెద్ద దవాఖానకు తీసుకుపోదామని నేనే అన్నాను. పిచ్చి డాక్టర్ దగ్గరికా అని ఆయన ఒక రోజంతా రాలేదు. పక్కింటివాళ్లతో కంటి చూపు టెస్టుకని చెప్పి బయల్దేరాం. ఆ అబద్ధం నాది కాదు, వదినెది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఆయన చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విని, ఒక్కటే అడిగింది. "వెనక్కి పోయి చూసుకుంటే మనసు ఎంతసేపు నిమ్మళంగా ఉంటుంది?"

"వచ్చే స్పీడ్ బ్రేకర్ దాక మేడమ్."

"మొదట్లో?"

ఆయన ఆలోచించాడు. "మొదట్ల వారం రోజులు ఉంటుండె."

"అంటే చూసుకున్నకొద్దీ తగ్గుతోంది కదా."

ఆ లెక్క ఆయనకు అంతకుముందు ఎవరూ చూపించలేదు. ఇది చాలామందికి ఉంటుందని, పిచ్చి కాదని, మందులకు ఫలితం కనపడటానికి కొన్ని వారాలు పడుతుందని, మందులతోపాటు తిరిగి చూడకుండా పోవడం కొద్దికొద్దిగా అలవాటు చేసుకోవాలని చెప్పింది. చీటీ మీద ఓసీడీ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఆయన అడిగితే మీరేం చెప్తారు?"

"ఏం కాలేదని చెప్తాను మేడమ్. రోజుకు నలభై సార్లు."

"ఇక చెప్పకండి. తెలియదనండి."

"తెలుసు కద మేడమ్."

"ఆయనకూ తెలుసు. మీరు చెప్పిన ప్రతిసారీ ఇంకోసారి అడగాలనిపిస్తుంది. ఆ తెలియకపోవడం ఎంత బరువో అంత బరువుతోనే ఆయన ముందుకు పోవడం నేర్చుకోవాలి." చీటీ ఆయన చేతికిస్తూ, "బండిలో వాళ్లు వెనక్కి తిప్పితే ఊరుకుంటారా?" అని ఆయన్ని అడిగింది.

ఆయన నన్ను చూపించి, ఎంతో గర్వంగా, ఆచారం సంగతి మొత్తం చెప్పాడు. ఆమె నవ్వు ఆపుకుందని నాకు తెలిసింది. "ముందు ఆ ఆచారం తీసెయ్యండి," అంది నాతో.

ఆచారం పెట్టడం తేలిక, తీయడమే కష్టం. ఈ ఏటికి దాని ముహూర్తాలు అయిపోయాయని కస్టమర్లకు చెప్పేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని వాపస్ అన్న ఆ చీటీని ఎండలో పెట్టి చాలాసేపు చూశాడు. "గీ గుర్తేంది తమ్మీ పక్కన?"

"ప్రశ్న గుర్తు."

"అంటే డాక్టరమ్మకు గూడ ఎరుక సాల్లే," అన్నాడు. ఆ నెలలో ఆయన నవ్వడం అదే మొదలు.

మూడు వారాలు గౌడవెల్లి సందుల్లో ఖాళీ బండితో తిరిగాం. ఒక్క స్పీడ్ బ్రేకర్, దాటి, తిరక్కుండా ఇంటికి. పదిసార్లకు రెండుసార్లు కుదిరేది. మిగతా ఎనిమిది సార్లు, "ఇగ రేపటికెంచి," అంటూ తిప్పేవాడు. ఒక్కో రోజు బండి ఇంటి ముందు పెట్టేసి, నడుచుకుంటూ పోయి చూసొచ్చేవాడు. తిప్పొద్దన్నారు గని నడవొద్దనలేదు గదా అనేవాడు. సోమవారం దగ్గరపడింది. శనివారం సాయంత్రం గుమ్మంలో కూర్చుని చెప్పాడు.

"రేపు మేడ్చల్ నుంచి శామీర్‌పేట కట్ట దాక పోత. ఒక్కసారి తిప్పినా తాళాలు నీ చేతిల పెడ్త. ఎల్లుండి గేటు కాడ కూసుంట."

"గేటు కాడ నెమ్మదిగ ఉంటదేమో అన్నా," అన్నాను. నిజంగానే అలా అనిపించింది నాకు.

"ఆడ తాళం ఏసిన్నా లేదా అని రాత్రంత సూస్త. గిది నన్ను ఇడిచిపెట్టది తమ్మీ, ఏడికి పోయినా ఎంబడి వస్తది. బండి ఒక్కటే రాదు."

మేడ్చల్ నుంచి శామీర్‌పేట కట్ట దాకా అప్పట్లో పద్నాలుగు స్పీడ్ బ్రేకర్లు. నేను లెక్కపెట్టాను. పెంచి చెప్పాలంటే ముప్పై అనేవాణ్ణి.

పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాం, మేమిద్దరమే. మొదటిది బడి ముందు. ఆదివారం కాబట్టి పిల్లలు లేరు. ముందు చక్రాలు ఎక్కి దిగాయి, వెనక చక్రాలు ఎక్కి దిగాయి. నేను ఆయన వైపు చూడకూడదనుకుంటూ చూస్తున్నాను. మెడలో నరం తాడులా లేచింది. పెదవులు కదులుతున్నాయి. ఏదైనా దేవుడి పేరేమో అనుకున్నాను. చెవి పెట్టి వింటే, "ముంగట సూడు, ముంగట సూడు," అని బండికి చెప్పుకుంటున్నాడు.

మూడోది దాటాక మొదటిసారి అడిగాడు. "ఏం తగల్లే గద తమ్మీ?"

"తెల్వదన్నా."

ఆ మాట నా నోట్లోంచి ఎంత కష్టంగా వచ్చిందో చెప్పలేను. ఒక్క మాట. ఏం తగల్లేదన్నా. అది అనేస్తే ఆ మనిషి భుజాలు కిందికి దిగుతాయి. అది నా దగ్గరుంది, నేను ఇవ్వడం లేదు.

"జర చెప్పరాదు."

"తెల్వదన్నా."

"నీ యవ్వ. ఊకె ఉన్నప్పుడు ఊరూరి అబద్ధాలు చెప్తవ్. అవసరం పడ్డనాడు ఒక్కటి చెప్పవ్."

ఆరోదాని దగ్గర ఇండికేటర్ వేశాడు. టిక్కు టిక్కుమని అది కొట్టుకుంటోంది. బండి నెమ్మదించింది. తాళాలు చేతిలో పడ్డట్టే అనుకున్నాను. ఆయన ఆ చప్పుడు వింటూ కొంతదూరం పోనిచ్చాడు. తర్వాత వేలితో ఆపేశాడు. ఏసీ లేకపోయినా చలి పెట్టినవాడిలా పళ్ళు కొట్టుకుంటున్నాయి. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఎనిమిది. తొమ్మిది. ఓఆర్‌ఆర్ వంతెన కింద నుంచి ఇవతలికి వచ్చాం. ఇక ఇళ్లు పలచబడ్డాయి.

తొమ్మిదోదానికీ పదోదానికీ మధ్య, స్పీడ్ బ్రేకర్ లేని చోట, బండి కింద ధన్‌మని ఒక చప్పుడైంది.

ఈసారి అది నా మాట కాదు. నిజంగా అయింది. నా సీటు కింద ఇనుముకు తగిలింది. ఆయన బండిని పక్కకు తీసి ఆపాడు. ఇంజను నడుస్తూనే ఉంది. అద్దంలో ఒకసారి చూశాడు, ఏ డ్రైవరైనా చూసినట్టు. నేనూ నా వైపు అద్దంలో చూశాను. తారు రోడ్డు, తేలిపోతున్న దుమ్ము, పక్కన తుమ్మచెట్టు నీడ. రోడ్డు మీద ఏమీ లేదు. చూడవలసినంత చూశాం. అక్కడితో అయిపోవాలి.

నాకు అయిపోలేదు. రాయేనా? రాయైతే అలా చప్పుడవుతుందా? ఆ తుమ్మచెట్టు వెనక పల్లం ఉంది కదా. అందులో? దిగి పది అడుగులు నడిస్తే చాలు, తెలిసిపోతుంది. నా చెయ్యి తలుపు పిడి మీదుంది. ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. ఇంత చిన్నదానికి ఇంతా అనిపించింది. ఈ మనిషి దీన్ని రోజుకు నలభైసార్లు మోస్తున్నాడు, ఇన్నేళ్లుగా, కస్టమర్లకు పులిహోర పంచిపెడుతూ, కోళ్లకు దారి ఇస్తూ. నేను దీనికి ఆచారమని పేరు పెట్టి ప్లాట్లు అమ్ముకున్నాను.

ఆయన స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, తల వంచుకుని ఉన్నాడు. చాలాసేపటికి తల తిప్పకుండానే అడిగాడు.

"తమ్మీ. గదేంది?"

"తెల్వదన్నా," అన్నాను. "నిజంగ తెల్వదు."

అప్పుడు నా వైపు చూశాడు. తలుపు పిడి మీదున్న నా చేతిని చూశాడు. ఆయనకు అర్థమైంది. మెల్లగా ఆ చేతిని తీసి నా ఒళ్ళో పెట్టాడు, పిల్లవాడి చేతిని పెట్టినట్టు.

"నాకు గూడ తెల్వదు," అన్నాడు. "పోదాం పా."

గేరు పడిన చప్పుడు కూడా వినపడలేదు.

నేను పుట్టి బుద్ధెరిగాక పెద్ద పెద్దవాళ్లని చూశాను. తెగిన కట్ట మీద అడ్డంగా పడుకుని నీళ్ళు ఆపినవాణ్ణి చూశానని చెబుతుంటాను, అది అబద్ధం. ఒక మనిషి తన ప్రాణమంతా వెనక్కి లాగుతుంటే, ఆ ప్రాణాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ముందుకు బండి నడపడం చూశాను. ఇది నిజం. గంటకు ముప్పై కిలోమీటర్ల వేగం. పక్కనుంచి స్కూటీ మీద ఒకమ్మాయి మమ్మల్ని దాటిపోయింది.

కట్ట మీద బండి ఆపి దిగాడు. నీళ్ళ వైపు నిలబడ్డాడు. అంతటితో ఆయన మారిపోయాడని రాయను. ఆ తర్వాత చివరిదాకా ఆయన బండే నడిపాడు. తిప్పని నెలలున్నాయి, రోజుకు మూడుసార్లు తిప్పిన వారాలూ ఉన్నాయి. టెంటు కింద వాళ్లు చెప్పుకున్న కథల్లో కొన్ని దీని తర్వాతివే. మందు మార్చినప్పుడొకసారి, మనవరాలు పుట్టినప్పుడొకసారి బాగా ఇబ్బంది పడ్డాడు. అలాంటప్పుడు వచ్చి నా పక్కన కూర్చునేవాడు. నేను తెల్వదనేవాణ్ణి. కూర్చుని లేచి పోయేవాడు.

ఆ రోజు కట్ట మీద ఫోన్ తీసి నా చేతికిచ్చాడు. "మీ వదినెకు జెయ్. నేనొత్తితే తప్పు నంబర్ పోతది."

చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"వదినా, కట్ట మీదున్నం. ఒక్కసారి గూడ తిప్పలే."

"మరిదీ, నీకు దండం పెడ్త. గీ ఒక్కసారి నిజం జెప్పు," అంది.

"నిజమే వదినా."

"నీ మాట నాకొద్దు. ఆయనకియ్యి."

ఇచ్చాను. ఆయన ఫోన్ చెవికి ఆనించుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. వదినె ఏమందో నాకు వినపడలేదు. ఆయన, "ఆఁ," అన్నాడు. "ఆఁ. లే, తిప్పలే." చాలాసేపు విన్నాడు. "సోమారం పోను. మీ తమ్మునికి జెప్పు." మళ్ళీ విన్నాడు. ఏడుస్తోందేమో, ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఎప్పటిలాగే మెల్లగా అన్నాడు.

"అప్పుడే సంబురపడకు. ఇంటికి రావాలె గద. మళ్ల పద్నాలుగున్నయ్."